మానస నీళ్ళు ముట్టే రోజు

మల్లాపూర్ పక్కనున్న గుట్ట మీద, రాళ్ళ సందులోని ఊట నుంచి సన్నగా ఓ వాగు దిగుతుంది. పైన కాలనీలో రిటైరైన సైంటిస్టులు, రైల్వే ఆఫీసర్లు ఇళ్ళు కట్టుకున్నారు. కింద బస్తీలో జనగామ వైపు నుంచి వచ్చి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు ఉంటారు. రెండు చోట్లా పారేది ఒకే వాగు. అంతకుమించి వాళ్ళకూ వీళ్ళకూ చుట్టరికమేమీ లేదు.

బస్తీలో దుర్గమ్మ కోడలు మానసకు ఆడపిల్ల పుట్టి, పురుటి రోజులు గడిచాయి. ఇక బాలింత నీటి దగ్గరికి వెళ్ళి, గంగమ్మ తల్లికి పసుపు కుంకుమ పెట్టి, తన చేత్తో ఓ బిందె ముంచి ఇంటికి తేవాలి. ఆ నీళ్ళతో అన్నం వండాలి. అప్పటిదాకా ఇంట్లో నీళ్ళు ముట్టకూడదు. ఊళ్ళో అయితే బావి ఉంటుంది. ఇక్కడ బావి ఏది? అందుకే బస్తీ పుట్టినప్పటి నుంచీ ఆడవాళ్ళు గుట్టెక్కి, ఊట దగ్గరే ఆ ముచ్చట తీర్చుకునేవాళ్ళు.

ఈ మధ్య కాలనీవాళ్ళు ఊట చుట్టూ కంచె వేసి, పార్కు చేసి, గేటుకు తాళం పెట్టారు. దుర్గమ్మ వెళ్ళి కాలనీ సెక్రటరీ త్రిమూర్తుల్ని అడిగింది. రిటైర్డ్ ఇంజినీరు. చెడ్డవాడేం కాదు. ఏ చిక్కుకైనా తన దగ్గర ఉపాయం ఉందనుకునే మనిషి, అంతే.

"పసుపు, కొబ్బరి చిప్పలు, కవర్లు... కిందటిసారి ఎత్తలేక చచ్చామమ్మా."

"కవర్లన్నీ నేనే ఏరుకపోత సారూ. జర సేపు తాళం తియ్యిన్రి. కోడలికి నీళ్ళు ముట్టియ్యాలె."

"నీళ్ళేగా? నేను తెచ్చిస్తాలే."

మర్నాడు పొద్దున్నే ఊట నీళ్ళు క్యాన్లో పట్టి, స్కూటర్ మీద తెచ్చి, దుర్గమ్మ గుమ్మంలో దించాడు. మేలు చేశానన్న సంతోషం ముఖంలో కనిపిస్తూనే ఉంది. దుర్గమ్మకు ఒళ్ళు మండింది.

"గంగమ్మ కాడికి మనం పోవాలె సారూ. ఆమెను క్యాన్ల వెట్టి తోల్కరావుడేంది? తీస్కపోన్రి."

త్రిమూర్తులు ముఖం చిన్నబుచ్చుకుని క్యాను తీసుకుపోయాడు.

గదిలో కూర్చుని కూర్చుని మానసకు విసుగెత్తింది. "అత్తమ్మా, మన తానకొచ్చేది గుడ గా వాగే గద. ఈడ్నే మొక్కుత" అంది. దుర్గమ్మకు మనసొప్పలేదు. ఆఖరికి పసుపు, కుంకుమ, బిందె తీసిచ్చింది.

ఫ్యాక్టరీ షెడ్లు దాటి బస్తీ చివరికి వచ్చేసరికి వాగు నల్లబడి నురగ కడుతుంది. అయినా మానస ఒడ్డున రాయికి పసుపు రాసి, బొట్టు పెట్టి, భక్తిగా మొక్కింది. బిందె ముంచి చంకన పెట్టుకుంది. దుర్గమ్మ పసిదాన్ని ఎత్తుకుని ముందు నడిచింది.

గడప ముందు బాలింత ఆగితే, అత్త బొట్టు పెట్టి లోపలికి పిలవాలి. దుర్గమ్మ పిలవలేదు. బిందెలోకి చూసింది. ఆ నీళ్ళతో ఎసరు పెట్టి, ఆ అన్నం పాలిచ్చే తల్లికి ఎలా పెట్టడం? పసిదాన్ని మానసకిచ్చి, బిందె తీసుకుని వాకిలి పక్కన మురుగు పారే మోరీలో వంపేసింది.

"లోపలికి రా బిడ్డా" అంది.

గంగమ్మను వాకిలి దాకా పిలుచుకొచ్చి గడప బయటే పారబోసింది తానేనన్న సిగ్గుతో, కోడలికి బొట్టు పెట్టేటప్పుడు ఆమె ముఖంలోకి చూడలేకపోయింది.