పిల్లలు పెరగని పేట

కొత్త ఊళ్ళో అద్దె ఇల్లు వెతకడం చెప్పులు కొనుక్కోవడం లాంటిదే. ఒకటి కాలికి పట్టదు, ఇంకొకటి కంటికి ఆనదు. ఆ ఆదివారం పొద్దుటి నుంచీ ఇళ్ళ బ్రోకరు ఆ నలుగురినీ తిప్పుతూనే ఉన్నాడు. తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, కంపెనీవాళ్ళు ఇక్కడికి బదిలీ చేశారు. తల్లి ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దదానికి పన్నెండేళ్ళు, చిన్నదానికి ఆరు. చిన్నదాన్ని అందరూ పిచిక అంటారు. తిండీ అంతే, వాగుడూ అంతే.

స్టేషను దగ్గరి పేటలో బడి బాగుంది గానీ వంటింట్లో ఇద్దరుంటే మూడోమనిషి ఊపిరి బిగబట్టాలి. మిల్లు పక్క పేటలో గదులు పెద్దవే, ఆరేసిన బట్టల నిండా మసి. చివరికి బస్సెక్కి గుట్ట మీది పేటకు పోయారు. అక్కడ గాలీ వెలుతురూ ధారాళం. వరండాలో మిషను పెట్టుకుంటే పగలు లైటు అక్కర్లేదు.

"అద్దె ఇంత తక్కువేంటండీ?" అన్నాడు తండ్రి అనుమానంగా.

"ఇక్కడ పిల్లలు పెరగరండీ," అన్నాడు బ్రోకరు, కిటికీ గడియ తీస్తూ. "ఎంతవాళ్ళొస్తే అంతే ఉండిపోతారు. గుట్ట దిగి కాపురముంటే మళ్ళీ మామూలే. అందుకే పిల్లలున్నవాళ్ళు ఇటు రారు. రేపు నన్ననకండి, ముందే చెప్పేస్తున్నా."

"మరి నీళ్ళు?"

"నీళ్ళకేం ఢోకా లేదు. రెండు పూటలా వస్తాయి."

తండ్రి వెళ్ళి కుళాయి తిప్పి చూశాడు. తల్లి మాత్రం నిలబడ్డచోటి నుంచి కదల్లేదు. పిచికకు పుట్టుకతోనే గుండె జబ్బు. 'ఇప్పటి ఒంటికి ఈ గుండె సరిపోతోందమ్మా. ఒళ్ళు పెరిగేకొద్దీ మొయ్యలేదు. ఆపరేషనుకు తట్టుకోదు. పదేళ్ళు దాటడం కష్టం,' అని పాత ఊరి డాక్టరు మెత్తగానే చెప్పాడు. మెత్తగా చెప్తే మాత్రం ఆ మాట మెత్తబడుతుందా?

"ఈ ఇల్లే తీసుకుందాం," అంది తల్లి.

తండ్రి ఆమెను పక్కకు పిలిచాడు. "మరి పెద్దదాని సంగతేంటే?"

"ఒక్క ఏడాదండీ. తర్వాత చూద్దాం."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది అతకలేదు. అతకలేదని ఇద్దరికీ తెలుసు. అయినా వారం తిరక్కుండా సామాను దించేశారు.

గుట్ట మీది బడిలో గుప్పెడు మంది పిల్లలు. వాళ్ళ అమ్మానాన్నలూ ఏదో ఒక భయంతో గుట్టెక్కినవాళ్ళే. టీచరమ్మకు జుట్టు నెరిసింది, పిల్లలు మాత్రం అవే బెంచీల మీద, నేలకందని కాళ్ళూపుకుంటూ కూర్చునేవాళ్ళు. ఆ క్లాసు పాఠాలయిపోతే పై క్లాసువి, అవీ అయిపోతే కాలేజీవి చెప్పేదావిడ. తెలివి పెరిగేది గానీ పిల్లతనం పోయేది కాదు. చక్రవడ్డీ లెక్కలు నోటితో చేసిపారేసి, పెన్సిలు ముక్క కోసం జుట్లు పట్టుకునేవాళ్ళు.

ఏడాదన్నది మూడేళ్ళయింది. పిచిక హాయిగా గంతులేస్తోంది. పెద్దది గొడవ చేస్తే బాగుండేది. చెయ్యలేదు. పాత ఊరి స్నేహితురాలు వీడియో కాల్ చేస్తే మాత్రం ఫోను పైకప్పు వైపు తిప్పి పెట్టి మాట్లాడేది.

ఒకనాడు తల్లి దానికి గౌను కుడుతుంటే పక్కకొచ్చి నిలబడింది.

"అమ్మా, లోపల కాస్త గుడ్డ వదిలి కుట్టవా?"

"ఎందుకే?"

"ఎప్పుడైనా పొడుగవుతా కదా. విప్పుకోవచ్చు."

తల్లి కాలు మిషను మీదే ఆగిపోయింది. ఎదిగే పిల్లల బట్టలకు గుడ్డ వదిలి కుట్టడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఈ మూడేళ్ళలో ఒక్క గౌనుకూ వదల్లేదని అప్పుడు తట్టింది. ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం అంటారే, తను చేసింది అచ్చంగా అదే. మిషను మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. పెద్దదే మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఆ నెలలోనే తండ్రి పెద్దదాన్ని తీసుకుని స్టేషను పేటకు మారిపోయాడు. ఒక కాపురం రెండు పొయ్యిలయింది.

పెద్దది కసి తీర్చుకున్నట్టు పెరిగింది. ఆదివారం ఆదివారం గుట్టెక్కి వచ్చేది. మొదట్లో అక్క భుజం దాకా అందిన పిచిక, తర్వాత మోచెయ్యి దగ్గరా, ఆ తర్వాత నడుం దగ్గరా ఆగిపోయింది. ఇద్దరూ కలిసి బజారుకు పోతుంటే బస్సు కండక్టరు ఒకప్పుడు "అక్కచెల్లెళ్ళా?" అనేవాడు. పోనుపోను "మీ పాపా అండీ?" అనడం మొదలెట్టాడు. పెద్దది ఊరుకునేది. పిచిక ఊరుకునేది కాదు. "చెల్లెల్ని!" అని బస్సంతా వినబడేట్టు అరిచేది.

తండ్రి రిటైరవకుండానే పోయాడు. అప్పటిదాకా తల్లీ తండ్రీ ఆదివారపు మొగుడూపెళ్ళాలుగానే బతుకు వెళ్ళదీశారు. పెద్దది చదువుకుంది, ఉద్యోగం తెచ్చుకుంది, పెళ్ళి చేసుకుంది, కొడుకును కంది. పిచిక కాగితాలు పట్టుకుని అది ఎక్కని ఆస్పత్రి మెట్లు లేవు. అందరిదీ అదే మాట.

తల్లికి కళ్ళు మసకబారాయి. ఒకసారి పాలు పొంగి స్టవ్ ఆరిపోయినా చూసుకోలేదు. గ్యాసు వాసనకు పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఆ సంగతి తెలిసి పెద్దది చంటివాణ్ణి చంకనేసుకుని దిగబడింది.

"ఇంక నువ్వొక్కదానివే ఉండడం కుదరదమ్మా. మేమే పైకొచ్చేస్తాం. మా ఆయన కూడా సరేనన్నాడు."

"వీడింకా అడుగైనా వెయ్యలేదే! జన్మంతా పాకుతూనే ఉండిపోతాడు."

"ఉండనీ. ఎత్తుకు తిరుగుతా." ఆ మాటనేసి మొహం పక్కకు తిప్పుకుంది.

"నీ మూడేళ్ళు మింగింది చాలదా నేను? నీ బిడ్డవి కూడా మింగమంటావా?" అని గయ్యిమంది తల్లి.

"మరి పిచికనేం చేద్దాం? నువ్వే చెప్పు!"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేల మీద చంటివాణ్ణి ఆడిస్తున్న పిచిక తలెత్తింది.

"నన్నెవరూ అడగరేం?"

"నీకు తెలీదు, ఊరుకో," అంది తల్లి.

"నాకు తెలుసు. డాక్టరు చెప్పినప్పుడు నేనక్కడే ఉన్నా, బల్ల కింద. మీరు చెప్తారేమో, చెప్తారేమో అని ఇన్నేళ్ళూ చూశా." పెద్దవాళ్ళలాగే మొదలెట్టింది గానీ పెదవి వణికింది. "నాకు ఏడేళ్ళు రావాలి. అక్కకు వచ్చాయి. వీడికీ వస్తాయి. నాకెందుకు రాకూడదు? నాకు ఏడు కావాలి!" అని కాళ్ళు నేలకేసి కొడుతూ ఆరేళ్ళ పిల్లలాగే భోరుమంది.

దాన్ని సముదాయించలేక పెద్దది కూడా పక్కన కూలబడి ఏడ్చింది. తల్లి ఎవర్నీ ఊరుకోమనలేదు. చాలాసేపటికి లేచి, తడుముకుంటూ పిచిక గౌన్లు మడత పెట్టడం మొదలెట్టింది.

అందరూ గుట్ట దిగి పెద్దదాని ఇంటికి చేరారు. కొన్ని నెలలకు చంటివాడు గోడ పట్టుకుని నడిచాడు. ఒకరోజు పొద్దున్నే పిచిక పళ్ళు తోముకుంటూ కేకేసింది.

"అక్కా! పన్ను కదుల్తోంది!"

నోట్లో నురగతోనే ఇల్లంతా పరిగెత్తింది. బావకు చూపించింది, చంటివాడికి చూపించింది, తలుపు తీసి పక్కింటావిడకు చూపించింది. కాస్త పరిగెత్తినందుకే రొప్పుతూ అమ్మ మంచం దగ్గరకొచ్చింది.

"ఏదీ, ఇలా రా," అంది తల్లి.

కళ్ళు ఆనవు గనక వేలు పెట్టి చూసింది. కింది వరసలో, ముందు పన్ను. బియ్యపు గింజంత. వేలు తగలగానే అటూ ఇటూ ఊగింది.

"కదుల్తోంది కదమ్మా?"

"కదుల్తోంది తల్లీ."

"అయితే నాకు ఏడొచ్చేస్తున్నట్టేగా?"

"వచ్చేస్తున్నట్టే," అంది తల్లి. దాన్ని ఒళ్ళోకి లాక్కుంది, దాని వీపు నిమిరింది, నవ్వుదామని చూసింది, నవ్వలేకపోయింది.