దండెం మీద తేనెపిట్ట

భర్త భూపాల్ డ్యూటీ ప్యాంటును ఎన్నిసార్లు జాడించినా నీళ్లు నల్లగానే దిగుతున్నాయి. అనసూర్య దాన్ని పిండి, దులిపి, దండెం మీద వేయబోయి చెయ్యి ఆపేసింది. దండెం చివర, జామకొమ్మ పక్కన, పీచూ సాలెగూడూ ఎండుటాకులూ కలిపి అల్లిన చిన్న సంచిలాంటి గూడు వేలాడుతోంది. దాని గుండ్రటి సందులోంచి వంకర ముక్కు ఒకటి బయటికి చూస్తోంది. తేనెపిట్ట.

ఆ క్వార్టరు పెరట్లో ఉన్నది ఒక్కటే దండెం. ఆ రోజు నుంచి ఆమె బట్టలు ప్రహరీ గోడ మీద ఆరేసింది. ఓపెన్‌కాస్టు బొగ్గుగని వైపు నుంచి దుమ్ము వచ్చి వాలితే మళ్లీ ఉతికింది. పని రెట్టింపయినా కాలు ఒకచోట నిలిచేది కాదు. పొయ్యి మీద కూర మాడుతున్నా పెరటి తలుపు దాకా వెళ్లి చూసి వచ్చేది. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగుకు కిటికీలు అదిరితే, గూడు ఏమైందోనని పరుగెత్తేది. పొదుగుతున్న ఆడపిట్ట ఉన్నట్టుండి గూడు వదిలి ఎటో ఎగిరిపోయేది. ఎటు పోతున్నావని దాన్ని అడిగేవాళ్లు లేరు. కడుపు నింపుకుని, మళ్లీ తనంతట తనే వచ్చి కూర్చునేది. అది చూసినప్పుడల్లా అనసూర్యకు లోపల ఏదో కుదురు తప్పేది. కాలనీలో కుట్టుపని నేర్పుతున్నారట, పగటిపూట పోయొస్తానని నిరుడు ఆమె అడిగితే, భూపాల్ అన్నం కలుపుతూ తల కూడా ఎత్తలేదు. "నువ్వు పోతే నా డ్యూటీ బట్టలెవరు ఉతుకుతరు?" అన్నాడు. పక్కనే కూర్చున్న అత్త నవ్వింది. గనిలోకి ఒక్కసారైనా దిగని అనసూర్య గోళ్ల కింద, పెళ్లయిన నాటి నుంచీ బొగ్గు నలుపు వదల్లేదు.

పిట్టకు ఇన్ని చెట్లుండగా మన దండెమే దొరికిందా, కట్టెతో ఒక్కటి కొడితే పోతుంది కదా అని అత్త రోజూ సణిగేది. అనసూర్య విననట్టే ఉండేది. ఈలోగా గుడ్లు పిల్లలయ్యాయి.

ఒక సాయంత్రం భూపాల్ నైట్ షిఫ్టుకు పోవడానికి నిద్ర లేచి పెరట్లోకి వచ్చాడు. రాత్రికి వేసుకోవాల్సిన ప్యాంటు గోడ మీద ఇంకా తడిగానే ఉంది.

"పిట్ట కోసం నన్ను తడి ప్యాంటుతోటి గనిల దింపుతవా ఏందే?"

ప్యాంటు లాగి విసురుగా దండెం మీద వేశాడు. తీగ కిందికి కుంగింది. గూడు గిర్రున తిరిగింది. లోపల రెండు పిల్లలు నోళ్లు తెరిచి కీచుమన్నాయి. నోట్లో పురుగుతో వచ్చిన తల్లిపిట్ట గూట్లోకి పోలేక కొమ్మ మీద అటూ ఇటూ గెంతుతోంది.

అనసూర్య ఒక చేత్తో తీగ పట్టుకుని, రెండో చేత్తో ప్యాంటు మెల్లగా తీసింది. తీసి అతని చేతిలో పెట్టింది.

"పిల్లలు ఎగిరిపోయేదాంక దండెం ముట్టకు బావ. నీ బట్టలు నువ్వే ఉతుక్కో. ఎక్కడ ఆరేసుకుంటవో నువ్వే చూసుకో."

భూపాల్ గుమ్మంలో నిలబడ్డ తన తల్లి వైపు చూశాడు. అతను చిన్నపిల్లను బుజ్జగిస్తున్నట్టు నవ్వాడు.

"సరే తియ్. ఇంకెన్ని దినాలుంటయి గవి? అవి పోయినంక?"

"పోయినంక గూడ నువ్వే" అంది అనసూర్య.