థర్మాకోల్ నెమళ్లు

తాళంచెవి ఊపుకుంటూ విశ్వేశ్వర్ వంటింట్లోకి వచ్చేసరికి నా చేతుల మైదాకు ఇంకా ఎర్రగానే ఉంది. మా పెళ్లై తొమ్మిది రోజులు.

"దొరికింది రాణీ! మడిగె మనదే! పాత బస్టాండ్ ముంగట, ఎస్టీడీ బూత్ పక్కపొంటి!"

తాళంచెవికి ఎవరో చిన్న గజ్జె కట్టారు. ఊపినప్పుడల్లా ఘల్లుమంటోంది. పొయ్యి మీద పప్పు మాడుతున్నా పట్టించుకోకుండా దాన్ని లాక్కుని నేనూ రెండుసార్లు ఊపాను. సొంత కొట్టు పెట్టుకోవడానికి ఆ మడిగె కోసం ఆయన ఎంత తిరిగాడో నాకు తెలుసు. ఆరేళ్లుగా ఐలయ్య టెంట్ హౌస్‌లో పని. పెళ్లి మండపాల వెనక నిలబెట్టే థర్మాకోల్ గోపురాలు, హంసలు, వధూవరుల పేర్ల బోర్డులు, అన్నీ మా ఆయన చేతివే. పేరు మాత్రం ఐలయ్యది. సొంత మడిగె, తలుపు మీద సొంత పేరు. మా ఆయనకు కావలసింది అంతే. ఈ తొమ్మిది రోజుల్లో నాకు కూడా అదే కావాలనిపించింది.

ఆ చెయ్యి ఎలాంటిదో చెప్పాలి. కరెంటుతో కాగిన సన్నటి తీగను థర్మాకోల్ షీటుకు ఆనించి, ముందుగా గీత కూడా గీసుకోకుండా, నెమలి మెడను ఒక్క ఊపులో తిప్పేస్తాడు. మా పెళ్లిలో మా ఇద్దరి పేర్ల మధ్య రెండు నెమళ్లను ఎదురెదురుగా నిలబెట్టాడు. భోజనాల్లోంచి లేచి ఎంగిలి చేతులతో వచ్చి మరీ చూశారు జనం. తలంబ్రాలు పోస్తూ నేనూ వాటినే చూశాను. ఆ వారంలో సిద్దిపేటలో పెళ్లి లేని వీధి లేదు. తన పెళ్లి పెట్టుకుని కూడా ఆయన పద్నాలుగు బోర్డులు కోశాడు. నెమళ్లు కోసే పిల్లవాడే కావాలని అందరూ ఐలయ్యను అడిగారట.

"వారంల పద్నాలుగు," అన్నాడాయన, పీట మీద కూర్చుని వేళ్లు మడుస్తూ. "నెలకెన్ని? ఏడాదికెన్ని? మనకు తల గోక్కునే టైం గూడ ఉండదు రాణీ."

బీకాంలో వ్యాపార నిర్వహణ పేపర్లో ప్రణాళిక మీద అడిగిన ప్రశ్నకు ఆరు పేజీలు రాసినదాన్ని నేను. ఆ మాట విని చప్పట్లు కొట్టాను.

మా అత్తమ్మ ప్రమీలమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అడిగింది. "మడిగె తెరిచేటందుకు ముహూర్తం అయ్యగారిని అడిగినవారా?"

"అయ్యగారు చెప్తేనే గిరాకి వస్తదా అవ్వా? రేపే తెరుస్తున్నం."

నేను పకపకా నవ్వాను. అత్తమ్మ మమ్మల్ని చెరోసారి చూసింది. "సదువుకున్నోళ్లు. మీ ఇష్టం," అని మళ్లీ చిక్కుడుకాయల మీదకు వంగింది.

మర్నాడు కొబ్బరికాయ కొట్టే వేళకు పిలవకుండానే ఐలయ్య వచ్చాడు. ఇస్త్రీ నలగని తెల్ల బట్టలు, చంకలో చుట్టిన క్యాలెండర్. ఆయనకు నెమలి కాదు కదా, సున్నా గీయడం కూడా సరిగా రాదని మా ఆయన ఎప్పుడూ నవ్వేవాడు.

"ఏం విశ్వం, సేటువైనవ్?"

"ఏదో సేటు, నీ దయ."

"నా దయ ఏం లేదు. నీ చెయ్యి బంగారం. గా చేతులు ఇచ్చిన దేవుడు తలకాయల గూడ ఇంత ఏసుంటే నన్ను ఎన్నడో దాటిపోదువు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మా ఆయన ముఖం ఎర్రబడింది. "ఇగ నీ గడప తొక్క సేటు. సచ్చినా తొక్క."

"తొక్కకు. దసరా దాంక నేను పిలువ గూడ పిలువ." క్యాలెండర్ నా చేతిలో పెట్టాడు. "చెల్లె, గిది గోడకు తగిలియ్యి. మా టెంట్ హౌస్‌ది. లోపల తిథులు, ముహూర్తాలు అన్ని ఉంటయి."

నేను లక్ష్మీదేవి బొమ్మను చూశాను. చీర అంచు ఎంత బాగా వేశారో! మేకు కొట్టి తగిలించి, దాని చుట్టూ చమ్కీ దండ కూడా కట్టాను.

గిరాకీ రాలేదు. కొత్త మడిగె కదా, జనానికి ఇంకా తెలియదు అనుకున్నాం. వచ్చిన మొదటి మనిషి కళ్లు చెదరాలని మా ఆయన పెద్ద మండపం మొదలుపెట్టాడు. ఎనిమిది అడుగుల గోపురం, నాలుగు స్తంభాలు, స్తంభానికి మూడేసి నెమళ్లు. ఆయన కోస్తుంటే నేను జిగురు రాసి అంటించేదాన్ని. థర్మాకోల్ పూసలు ఎగిరి ఆయన కనురెప్పల మీద వాలేవి. ఉఫ్ మని ఊదితే కళ్లు మూసుకునేవాడు. సాయంత్రం బస్టాండ్ బండి మీది మిరపకాయ బజ్జీలు కాగితంలో తెచ్చుకుని, నెమళ్ల కింద కూర్చుని తినేవాళ్లం. బయట వాన. అంత సుఖంగా నేనెప్పుడూ లేను. నలభై రోజుల్లో ఒక్క మనిషి లోపలికి రాలేదన్న సంగతి మాకు పెద్దగా పట్టనే లేదు.

నలభై ఒకటో రోజు మాసిన గడ్డంతో, భుజాన తువ్వాలతో ఒకాయన గడప ఎక్కాడు. నేను లేచి ఎదురెళ్లాను.

"రాండి అన్నా! పెండ్లి ఎన్నడు?"

"పెండ్లా?" ఆయన బిత్తరపోయాడు. "నా పేరు అంజన్నమ్మా, అక్కన్నపేట మాది. మా నాయిన కాలం జేసిండు. ఎల్లుండి దినాలు. ఐలయ్య టెంట్ హౌస్ ఎటు దిక్కున్నదో అడుగుదామని వచ్చిన." మండపాన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "అబ్బ, మస్తు జేసిన్రు. గాని ఇప్పుడు పెండ్లిళ్లేడున్నయమ్మా? మూఢం గదా."

"మూఢమా?" అన్నాడు మా ఆయన. చేతిలో తీగ ఇంకా కాగుతూనే ఉంది.

"శ్రావణం గూడ గిట్లనే పోతది. ఎన్క భాద్రపదమాయె. ఇగ కార్తీకం దాంక ఒక్క లగ్గం లేదు. అందుకేనాయె మొన్న జేష్టంల అందరు ఉరికురికి చేసిన్రు. మా బిడ్డది గూడ గప్పుడే జేసినం." మా ఇద్దరి ముఖాలు చూసి గొంతు తగ్గించాడు. "మీకెరుకలేదా?"

నాకు ఎరుకే. మా పెళ్లి మాటల్లో అయ్యగారు వేలెత్తి చెప్పాడు: ఈ ముహూర్తం దాటితే మళ్లీ కార్తీకమే. మా నాయిన అందుకే హడావిడి పడ్డాడు. ఊరంతా అందుకే పరుగెత్తింది. నాలుగు నెలల పెళ్లిళ్లన్నీ ఆ ఒక్క వారంలోకి వచ్చి పడ్డాయి. ఆ పద్నాలుగు బోర్డులూ అవే. ఆ వారాన్ని చూసి మేము ఏడాదంతా అలాగే ఉంటుందనుకున్నాం.

అంజన్న వెళ్లాక క్యాలెండర్ కాగితాలు తిప్పాను. మూఢం మొదలైన తేదీ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. వంకర సున్నా. అక్కణ్ణుంచి కార్తీకం దాకా ముహూర్తాల గళ్లన్నీ ఖాళీ. దానికి దండ కట్టింది నేనే.

రాత్రి అన్నం పెడుతూ అడిగాను. "అత్తమ్మా, మూఢం సంగతి మీకెరుకనా?"

"ఎరుక లేకేం?"

"మరి చెప్పలేదేం?"

"నేను అయ్యగారి పేరు ఎత్తితే పండ్లన్ని కనవడేటట్టు నవ్వితివి గదా పిల్లా. నవ్వు మంచిగనే ఉండె. ఎందుకు ఆపాలె అనుకున్న." కంచం ముందుకు జరిపింది. "మజ్జిగ పొయ్యి."

మర్నాడు మా ఆయన సైకిలేసుకుని గణపతి మండపాల కమిటీల వెంట తిరిగాడు. ఏ వాడకు వెళ్లినా ఒకటే మాట, ఉగాది నాడే ఐలయ్యకు చెప్పేశామని. మధ్యాహ్నం తిరిగొచ్చి మండపం కింద చతికిలబడ్డాడు. నేను మిరపకాయ బజ్జీలు తెచ్చాను. ముట్టలేదు.

పొద్దుగూకే వేళకు ఐలయ్య వచ్చాడు. కుర్చీ తుడుచుకుని కూర్చున్నాడు.

"అక్కన్నపేట అంజన్న నీ మండపం చూసిండట. వాళ్ల నాయిన ఫోటో ఎన్క తెల్లగ మంచిగుంటదన్నడు. నెమళ్లు మాత్రం వద్దన్నడు. సావు కాడ నెమళ్లేంది?"

"పన్నెండు నెమళ్లు సేటు," అన్నాడు మా ఆయన. "ఒక్కొక్కటి ఒక్కో తీరు."

"మంచిగున్నయి. కోసెయ్యి."

మా ఆయన తలెత్తాడు. "నీకు ముందే ఎరుక గదా. ఒక్క మాట చెప్పొద్దా?"

"చెప్పలేదా? ఎర్రగ సున్నా జుట్టి చేతుల వెట్టిన. నీ పెండ్లామే మొల గొట్టి తగిలిచ్చింది." ఐలయ్య నా వైపు తిరిగి నవ్వాడు. "నా చెయ్యి దేనికి పనికి రాదు విశ్వం, నాకెరుకే. అందుకే ఉగాది నాడు పంచాంగం ముంగటేసుకొని కూసుంట. పెండ్లిళ్లు లేనప్పుడు గణపతులు. గణపతులు లేనప్పుడు దినాలు. మనుషులు సచ్చేటందుకు ముహూర్తం జూడరు." లేచాడు. "మడిగె ఓనర్‌తోని గూడ మాట్లాడిన. గిరాకి లేకుంట నువ్వు కిరాయి ఏడికెళ్లి కడ్తవ్? ఒకటో తారీఖు నుంచి గీడ నా కుర్చీలు పెట్టుకుంట. పొద్దుగాల ఏడింటికి డీసీఎం బండి వస్తది, మండపం ఎక్కియ్యి. ఆఁ, తలుపు మీద నీ పేరు బోర్డు గూడ దించు. మంచి షీటు. గందులకెళ్లి నాలుగు పూలు కోసి ఫోటో చుట్టూత పెట్టు."

"నీ గడప..." అన్నాడు మా ఆయన.

"నా గడప తొక్కనంటివి. నేనే వచ్చిన గదా," అని ఐలయ్య చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మా ఆయన తీగకు ప్లగ్గు పెట్టి, మొదటి నెమలి మెడ దగ్గరకు తెచ్చి ఆగిపోయాడు. కనురెప్పల మీద ఒక తెల్లపూస ఉంది. ఊదాను. ఈసారి కళ్లు మూసుకోలేదు.

నేను ప్లగ్గు పీకేశాను.

"మీరు కోస్తే అందంగ కోస్తరు. గిది అందంగ కోసే పని కాదు. రేపు ఆరింటికి లేచి నెమళ్లు నేను కోస్త. పేరు బోర్డు గూడ నేనే దించుత. ఏడింటికి డీసీఎం ఎక్కి మీరు అక్కన్నపేట పోండి."

"నువ్వు?"

గోడ మీది క్యాలెండర్ తీసి, దానికి కట్టిన దండ విప్పాను.

"నేను అయ్యగారింటికి పోత. కార్తీకం నుంచి ఉన్న ముహూర్తాలన్ని రాసుకొస్త. వచ్చేటప్పుడు గణపతి కమిటీలోళ్ల పేర్లు గూడ వాడవాడ రాసుకుంట. వచ్చే ఉగాదికి సేటు నిద్ర లేవకముందే వాళ్ల ఇండ్ల కాడ ఉండాలె." తాళంచెవి అందుకున్నాను. గజ్జె ఘల్లుమంది. నాకు ఆ చప్పుడు ఇంకా ఇష్టంగానే ఉంది. "ఇంకోటి. రేపు ఇంట్ల నుంచి ఎల్లే ముందు, ఎప్పుడు పోతే మంచిదో అత్తమ్మను అడిగి పోత."