పెరటి సామ్రాజ్యంలో మినుము, కంది

మానుకోట మార్కెట్ వెనుక వీధిలో పప్పుదినుసుల టోకు వ్యాపారి కృష్ణమూర్తి గారి పెరట్లో ఎనిమిది పూలమళ్లు ఉండేవి. ఎనిమిదే. అయినా ఆయన పొద్దున్నే చెంబు పట్టుకొని వాటి నడుమ సంచరించే తీరు చూసినవారికి, ఎనిమిది దేశాల రాజులు వరుసగా నిలబడి కప్పం చెల్లిస్తున్నారన్న భ్రమ కలిగేది. తూర్పున బంతి, దాని పక్కన చేమంతి, గోడ వెంబడి పట్టుకుచ్చులు; మిగతా మళ్లలో గులాబీలు, మల్లెలు, కనకాంబరాలు. వీధి వీధంతా బతుకమ్మకు పూలు కొనుక్కుంటుంటే ఆయన భార్య శారదమ్మ మాత్రం పెరటి పూలతోనే పేర్చేది. ఆ బతుకమ్మ ఎత్తు ఎంతయితే తన ఎత్తు అంతేనని కృష్ణమూర్తి గారి గాఢవిశ్వాసం.

అయితే ఆ సామ్రాజ్యపు అసలు ఆదాయం పూలు కావు. పెళ్లయి ముప్పై ఒక్క ఏళ్లు. కూతురు అలేఖ్య జనగామలో కాపురం చేసుకుంటోంది. ఇంటిలోపల దంపతుల సంభాషణ క్రమంగా తాళం చెవుల ఆచూకీ, గ్యాస్ బండ స్థితిగతులు అనే రెండు అధ్యాయాలకు కుదించుకుపోయింది. కానీ రోజూ సాయంత్రం ఆరు గంటలకు శారదమ్మ చాయ గ్లాసుతో పెరట్లోకి వచ్చి, బట్టలుతికే బండ మీద కూర్చొని, అరగంటసేపు ఆయనతో మాట్లాడేది. ఈ మొక్కకు పురుగు పట్టిందనో, పక్కింటివాళ్ల కోడలు మళ్లీ అలిగిందనో, ఏదో ఒకటి. ఆ అరగంట కోసమే తాను ఎనిమిది మళ్లు తవ్వుతున్నానని ఆయన ఎవరికీ చెప్పలేదు, తనకు కూడా.

ఆషాఢం చివర్లో శారదమ్మ తమ్ముడు వేణు నర్సింహులపేట నుంచి బిస్కెట్ల అట్టపెట్టె ఒకటి పట్టుకొని దిగాడు. అందులో రెండు కుక్కపిల్లలు.

"అక్కా, రెండు దినాలు చూడు. నచ్చకుంటే మల్ల తీసుకపోత."

"ఎందుకు నచ్చయిరా! జర గీ మొకం చూడు, ఎంత మంచిగున్నదో!"

గత ముప్పై ఒక్క ఏళ్లలో తన మొకం చూడమని శారదమ్మ ఎవరినైనా పిలిచిందా అని కృష్ణమూర్తి గారు అక్కడే నిలబడి జ్ఞాపకాలన్నీ వెదికారు. దొరకలేదు.

నల్లదానికి మినుము అనీ, ఎర్రదానికి కంది అనీ నామకరణం జరిగింది. తన దుకాణపు సరుకు పేర్లు నాలుగు కాళ్ల మీద ఇంట్లో తిరగడం ఆయనకు పరువునష్టంగా తోచింది. ఆపై పడక ఏర్పాటు. వర్తక సంఘం వారు సన్మానసభలో ఆయనకు కప్పిన జరీ శాలువా మరునాటికల్లా వరండాలోని గంపలో పరుపుగా పరచబడింది.

"శారదా! అది సన్మానం శాలువ!"

"ఎన్నడన్న కప్పుకున్నరా? బీరువాల పురుగులు తినేదానికంటే పసిపిల్లలు పండుకుంటే పుణ్యం."

మినుము ఆ శాలువా మీద మూడుసార్లు తిరిగి, ఒక సన్మానగ్రహీతకు ఉండవలసిన గాంభీర్యంతో పడుకుంది.

ఇక భోజనవేళలు. శారదమ్మ పెరుగన్నం మెత్తగా పిసికి, వేడి చూసి, గిన్నె ముందు కూర్చొని అడిగేది: "తిన్నవా బిడ్డా? కడుపు నిండిందా? ఇంకో బుక్క పెట్టాల్నా?" ఒక్క ఊపిరిలో మూడు ప్రశ్నలు. షుగరు వచ్చిన నాటి నుంచి జొన్నరొట్టెతో కాలక్షేపం చేస్తున్న ఆయనను రొట్టె గురించి ఒక్క ప్రశ్న అడిగినవారు లేరు. ఒకనాడు పరీక్షార్థం వరండాలో గట్టిగా తుమ్మారు. శారదమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏమాయె కందీ! సలి పెట్టిందా నాయినా?" కంది నిద్ర లేచి, తనపై వచ్చిన ఈ అపవాదును ఖండించకుండా తోక ఊపింది.

అన్నిటికంటే ఘోరం, ఆ సాయంకాలపు అరగంట. శారదమ్మ ఇప్పటికీ చాయ గ్లాసుతో వచ్చి అదే బండ మీద కూర్చునేది. కానీ మాటలన్నీ కిందికి, కాళ్ల దగ్గర దొర్లుతున్నవారికే వెళ్లేవి. పక్కింటి కోడలి అలక విశేషాలు మినుముకు పూర్తిగా తెలుసు. కృష్ణమూర్తి గారికి సగమే తెలుసు.

ఈ దుస్థితిలోనే ఆయన బతుకమ్మ పంటకు శ్రీకారం చుట్టారు. ఈ ఏడు పూలు ఎవరూ చూడనంత పెద్దగా పూయాలి. శారదమ్మ తల పైకెత్తాలి. స్టేషన్ దగ్గరి నర్సరీలో ఒక తెల్లని బస్తా కొన్నారు.

"గిది ఒక్కటేస్తే సాలు సేటూ, బంతిపూలు పిడికెడు పిడికెడు పూస్తయ్," అన్నాడు నర్సరీవాడు.

"ఏంది గిది?"

"బలం."

కందులు కొనేటప్పుడు ఏ ఊరివి, ఏ కారువి, తేమ ఎంత అని వంద ప్రశ్నలు వేసే వర్తకుడు, బలం దేనితో తయారవుతుందని ఒక్క ప్రశ్న వేయలేదు. తరతరాలుగా శాకాహారం తప్ప ఎరుగని ఇల్లు అది. కార్తీకంలో ఉల్లిపాయ కూడా గడప దాటి లోపలికి రాదు. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగిన ముక్కుకు ఆ పొడి వాసన ఏ వాసనో ఎలా తెలుస్తుంది? ఎరువు కనుక ఎరువు వాసన వస్తున్నదనుకొని, చేతులతోనే మడి నిండా కలిపి బంతినారు నాటారు.

మూడోనాటి ఉదయానికి ఆ మడి యుద్ధభూమి. నారు వేళ్లు ఆకాశం వైపు, ఆకులు పాతాళం వైపు. నడుమ మినుము, కంది ముక్కుల నిండా మన్నుతో, ఆ మన్నును పరమానందంగా నాకుతూ కూర్చొని ఉన్నాయి.

కృష్ణమూర్తి గారు వెరవలేదు. మొక్కలు నీరసపడ్డాయి కనుక ఈసారి బలం రెండింతలు వేసి తిరిగి నాటారు. దండయాత్ర రెండింతల ఉత్సాహంతో జరిగింది. చేమంతి మడికీ, పట్టుకుచ్చుల మడికీ బలం పట్టించారు, అవీ నేలమట్టమయ్యాయి. తుమ్మకంప అడ్డం వేస్తే దాని కింద నుంచి సొరంగాలు పడ్డాయి. చివరి అస్త్రంగా మిరపపొడి చల్లితే కుక్కపిల్లలు తుమ్మాయి. శారదమ్మ వాటిని ఒళ్లో పెట్టుకొని సాయంత్రం దాకా మూతులు తుడిచింది. ఆ అస్త్రం ఎవరికి తగిలిందో వేరే చెప్పనక్కర లేదు.

ఇందులో ఒక విశేషాన్ని ఆయన కనిపెట్టారు. గులాబీలూ, మల్లెలూ, కనకాంబరాలూ ఉన్న పాత మళ్లను అవి ముట్టలేదు. ఆయన కొత్తగా, స్వహస్తాలతో, శారద కోసం నాటినవాటినే తవ్వుతున్నాయి. దీనికి ఆయన బుద్ధి ఒక్కటే కారణం చూపింది: అసూయ. ఇల్లు తమది కావాలనీ, ఇల్లాలు తమది కావాలనీ, చివరికి ఆమెకు కృష్ణమూర్తిని గుర్తు చేసే పువ్వు ఒక్కటి కూడా మిగలకూడదనీ ఆ రెండు జీవులు కుట్ర పన్నాయి. అసూయ ఎంత నీచమైన గుణమో ఆయన కడుపులో మంటతో ఆలోచించారు.

మూడో నాట్లూ మట్టిపాలైన రోజున దర్బారు తీర్చారు.

"శారదా, ఇంట్ల అవ్వన్న ఉండాలె, నేనన్న ఉండాలె."

శారదమ్మ ఆలోచనలో పడింది. ఆ ఆలోచన సాగుతున్నకొద్దీ కృష్ణమూర్తి గారి ముఖం పాలిపోయింది.

"ఎంతసేపు ఆలోచన చేస్తవు?"

"రెండు ప్రాణాల ముచ్చట. ఆలోచన చేయొద్దా మరి?"

మూడోది ఏ లెక్కలోనూ లేదు. అయినా ఆమె ఫోను తీసి వేణుకు చెప్పింది: గురువారం వచ్చి తీసుకుపొమ్మని. ఆ తర్వాత ఆయనతో తాళం చెవుల అధ్యాయం కూడా మూసేసింది.

బుధవారం పొద్దున మంగ్లీ వచ్చింది. బయ్యారం దగ్గరి తండా నుంచి గంపలో పూలనారు తెచ్చి వీధుల్లో అమ్మే మనిషి. నెల తిరగకుండా ఒకే ఇంటికి నాలుగోసారి బంతినారు అమ్ముతున్నది. నాటడానికి తానే మడిలో కూర్చుంది. గుప్పెడు మన్ను తీసి, ముక్కు దగ్గర పెట్టుకొని, ఆగింది.

"సేటూ, గీ మట్టిల ఏమేసిన్రు?"

"బలం."

"ఏం బలం? గిది బొక్కల పొడి గద! పసులయి, మ్యాకలయి బొక్కలు ఎండబెట్టి దంచుతరు. పెరుగన్నం తినే కుక్కలాయె, వాసన తగిలితె ఊకుంటయా? గోతులు గాదు, బాయిలే తవ్వుతయ్."

కృష్ణమూర్తి గారు తన రెండు చేతుల వైపూ చూసుకున్నారు. ఇన్ని రోజులుగా ఎముకలు పిసికిన చేతులు. పొద్దునపూట ఇవే చేతులతో దేవుడి ముందు దీపం వెలిగించారు. ఇంట్లోకి ఎముకలు తెచ్చింది కుక్కలు కాదు, కుక్కలను దోషులుగా నిలబెట్టిన న్యాయమూర్తి. నీళ్లగాబు దగ్గరికి పోయి మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కొని, నాలుగోసారి కడుగుతూ వెనక్కి తిరిగారు.

"మంగ్లీ, గీ ముచ్చట అమ్మకు చెప్పకు."

"నాకేంది సేటూ. మీరు ఏస్కుంటనే ఉండుండ్రి, అవి తవ్వుకుంటనే ఉంటయ్, నా నారు మంచిగ అమ్ముడుపోతది."

ఆమె పోయాక ఆయన చాలాసేపు ధర్మసంకటంలో కూర్చున్నారు. నోరు విప్పితే తాను అపవిత్రుడు, అవి నిర్దోషులు. విప్పకపోతే రేపటికి రాజ్యం నిష్కంటకం. అడగనిదానికి జవాబు చెప్పకపోవడం అబద్ధం కాదని ఆయన తీర్మానించారు. ఆ తీర్మానం మీద సాయంత్రం పెరట్లోకి వెళితే బండ ఖాళీగా ఉంది. శారదమ్మ వరండాలో ఆ గంప పక్కన నేల మీద కూర్చొని, రేపు వెళ్లిపోయేవారితో ఏదో చెబుతోంది. గొంతు చాలా చిన్నగా ఉంది. చెవులు రిక్కించినా ఆయనకు ఒక్క మాట అందలేదు. వినపడని ఆ మాటలకు ఆయన అంతకు ముందెప్పుడూ లేనంతగా కుళ్లుకున్నారు.

గురువారం పదింటికి వేణు ఆటో తీసుకొని వచ్చాడు. శారదమ్మ గిన్నెలు, శాలువా, మందుసీసా ఒక్కొక్కటే అందిస్తూ ఉపదేశం మొదలుపెట్టింది.

"మినుముకు ఉరుమంటే భయం, దగ్గర కూసోవాలె. కందికి ఎడమ చెవు దురద. దానికి పొద్దుగూకితే మనుషులు కావాలె, ఒక్కదాన్ని ఇడిసిపెట్టకు."

"సరే అక్కా, నేను చూసుకుంట గద."

గడపలో నిలబడిన కృష్ణమూర్తి గారు విజయగర్వాన్ని ముఖం మీదికి రానీయకుండా దాచుకుంటున్నారు. తన చెవుల దురదల గురించి ఈ ఇంట్లో ఇంత పరిజ్ఞానం ఎవరికైనా ఉందా అని ఆలోచిస్తున్నారు కూడా.

"ఇగో వేణూ," అంది శారదమ్మ, కంది తల నిమురుతూ. "నేను ఆదివారం ఆదివారం వస్త. పొద్దుగాల బస్సుకే వస్త, చీకటి పడ్డంక పోత. పండుగకు కూడా అక్కడ్నే బతుకమ్మ పేరుస్త. ఇక్కడ నాకేమున్నది?"

ఆదివారం! దుకాణం మూసి ఉండే ఏకైక దినం. దానితో పాటు బతుకమ్మ కూడా నర్సింహులపేటకు తరలిపోతోంది. ప్రత్యర్థులను దేశబహిష్కారం చేయబోయి రాణినే వారితో సాగనంపుతున్నానని ఆయనకు అర్థమైంది. సత్యం, ధర్మం, దయ మొదలైన సద్గుణాలన్నీ కలిసి నిన్నటి నుంచి చేయలేని పనిని అసూయ ఒక్కటే ఒక్క క్షణంలో చేసింది.

"బొక్కల పొడి!" అని అరిచారు కృష్ణమూర్తి గారు.

ఆటో డ్రైవరు కూడా ఇటు తిరిగాడు.

"ఏంది?" అంది శారదమ్మ.

"మళ్లల్ల నేనేసింది... బొక్కల పొడి. నాకెర్క లేదు శారదా, ఆడు బలమన్నడు. దాని వాసనకే తవ్వినయ్. వాటి తప్పు లేదు. మంగ్లీ నిన్ననే చెప్పింది."

"నిన్ననా?" అంది శారదమ్మ. "నిన్న ఎర్కయ్యి, ఇయ్యాల దాకా నోరు మూసుకున్నరా?"

వేణు వరసకు చిన్నవాడైనా లోకజ్ఞానం ఉన్నవాడు. "అక్కా, ఆటోకు టైమైతుంది," అంటూ అట్టపెట్టెను దింపి, కుక్కపిల్లలను గడపలో వదిలి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

అప్పుడు శారదమ్మ ప్రారంభించింది.

"ఆ చేతులతోటే దీపం ముట్టిచ్చిన్రా? ఆ చేతులతోటే నా పూజ పళ్లెం పట్టుకున్నరా? మా అత్తమ్మ ఉంటే ఇయ్యాల మిమ్మల్ని వాకిట్లనే నిలబెడ్తుండె! కందుల్ల రాళ్లుంటే రైతును నిలబెట్టి అడుగుతరు గదా, బస్త తెచ్చెటప్పుడు నోరు ఏడ వోయింది? పసిపిల్లల మీద నింద మోపుతరా? వాటి మీద మీకేమి పగ?"

"పగ గాదు," అన్నారు ఆయన, పారతో బంతి మడి మన్ను ఎత్తి గంపలో పోస్తూ. ఎముకల మన్నంతా వీధి చివర పారబోయాలని అప్పటికే ఆజ్ఞ వెలువడింది. "నువ్వు వాటితోనే మాట్లాడుతవు. నాతోని మాట్లాడవు."

శారదమ్మ వచ్చి ఎదురుగా బండ మీద కూర్చుంది. "యాభై తొమ్మిదేండ్లు వచ్చినయ్!" అంది ఆ తర్వాత, మరింత గట్టిగా. "మనవడు పుట్టే ఈడు! కుక్కపిల్లలతోని పోటా?" అక్కడి నుంచి ఆమె ప్రసంగం వెనక్కి నడిచి, పెళ్లినాటి భోజనాల్లో పులిహోర చాలకపోవడం, అలేఖ్య పుట్టినప్పుడు ఆయన దవాఖానకు ఆలస్యంగా రావడం, పోయిన ఏడు పట్టుకుచ్చులకు నీళ్లు ఎక్కువ పెట్టడం, ఇలా ఒక్కొక్క ఘట్టాన్నీ సవిస్తరంగా స్పృశిస్తూ సాగింది. ఎండ నడినెత్తికి వచ్చింది. రెండు మళ్లు ఖాళీ అయ్యాయి. ఆమె చాయ కూడా తాగకుండా, బండ మీద కూర్చొని, ఆయన ముఖంలోకే చూస్తూ మాట్లాడుతూనే ఉంది.

మూడో మడి సగమైనప్పుడు మినుము వచ్చి ఆమె చీర కుచ్చిళ్లు లాగింది. కంది చేతి కింద తల దూర్చింది.

"ఆగుండ్రి జర," అంటూ ఆమె రెండింటినీ పక్కకు జరిపింది. "మీ బాపుతోని మాట్లాడుతున్న గద."

కుక్కపిల్లలు కొంచెం దూరం పోయి, పక్కపక్కన కూర్చొని, ఆమె వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూశాయి. కృష్ణమూర్తి గారు పార మీద గడ్డం ఆనించి, వినయంగా తల వంచి, "పులిహోర ముచ్చట సగంల ఆగింది, చెప్పు," అన్నారు.