బయట గడియ

సింహాచలం భార్యను చంపింది కోడలి చదరంగం. ఆ ఇంట్లో అది తేలిపోయిన సంగతి.

నూకరత్నం గుండె పట్టుకుని నడవాలో పడిపోయినప్పుడు కోడలు గదిలో తలుపేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, కంప్యూటర్లో ఎవరితోనో ఆడుకుంటోంది. సింహాచలం బెల్లం మార్కెట్ నుంచి వచ్చేసరికి మనిషి లేదు. ఆయన చెప్పింది ఇదే. చుట్టాలందరూ నమ్మిందీ ఇదే.

ఇవాళ నూకరత్నం సంవత్సరీకం. కోడలు మనానా పెరట్లో గిన్నెలు తోముతోంది. వంటింటి గడప తొక్కవద్దని సింహాచలం అక్క దేముడమ్మ పొద్దున్నే చెప్పేసింది.

"మన కులమా, మన దేశమా? నువ్వు ముట్టుకున్న కూడు నా మరదలు తింటాదేటి?"

"ఒక్కరోజే కదా, సర్దుకో," అన్నాడు భర్త దేవీప్రసాద్. ఆమె దేశమైన జార్జియాలో డాక్టరు చదివే రోజుల్లో ఆమె ఆట చూడడానికి మంచులో నిలబడ్డ మనిషి. ఇక్కడ క్లినిక్ పెట్టాక, మా ఆవిడ గ్రాండ్‌మాస్టర్ అని జ్వరంతో వచ్చినవాళ్లకు కూడా చెప్పేవాడు. తల్లి పోయాక ఆ మాట మానేశాడు. బోర్డు అటకెక్కింది.

రేపు పొద్దున్న మనానా హైదరాబాద్ రైలెక్కాలి. టోర్నమెంటుకు పిలిచారు. ఏడాదిగా పావు ముట్టని మనిషిని ఈసారి వెళ్లకపోతే మళ్లీ ఎవరు పిలుస్తారు? "నాన్న ముందు ఆ ఊసెత్తకు," అన్నాడు దేవీప్రసాద్. తర్వాత నవ్వుతూ, "నీ వీసాకి సంతకం పెట్టాల్సింది నేనే, గుర్తుంచుకో," అన్నాడు. ఆ నవ్వు గుర్తొచ్చి ఆమె చేతిలోంచి పీచు జారిపోయింది.

ఎన్ని దేశాల్లో, ఎంత మంది మగవాళ్ల ఎదురుగా కూర్చున్నా వణకని చేతులవి. ఇప్పుడు మామగారు దగ్గినా వణుకుతున్నాయి. స్నానాల గది తలుపుకు కూడా ఆమె గడియ పెట్టుకోదు, మూసిన తలుపు మళ్లీ తెరుచుకోదేమోనని భయం. అత్త పోయిన రోజు గది తలుపు వేసింది ఆమె కాదు. వేసింది నూకరత్నం. ఆట ఉన్న రోజు ఆవిడ చేసే పని అది. కోడల్ని గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్లు పెట్టి, బయటినుంచి గడియ వేసేసేది. బయట గడియ ఉందంటే లోపల మనిషి లేనట్టే ఈ ఊళ్లో. తెల్లకోడల్ని చూడ్డానికి వచ్చేవాళ్లు గుమ్మంలోంచే మళ్లిపోయేవాళ్లు, టీ అనే మామగారు టీ అనరు. "నువ్వు ఆడుకో మణెమ్మా, నువ్వు లేవని సెప్తాను," అనేది. మనానా అనడానికి ఆవిడకు నోరు తిరిగేది కాదు. బోర్డు మీద మంత్రిని టోర్నమెంట్లలో రాణి అంటారని తెలిసిన రోజున, "మరి మనోళ్లు మంత్రన్నారేటి? అన్ని దిక్కులకీ తిరిగేది ఆడదని సెప్పుకోడానికి సిగ్గా?" అని పడీ పడీ నవ్వింది. ఆవిడ పడిపోయిన రోజు ఆట అయ్యాక మనానా తలుపు లాగింది. రాలేదు. అత్తా అని పిలిచింది. తలుపు బాదింది. అరచేతులు వాచిపోయేదాకా బాదింది. చివరికి గడియ చప్పుడైంది. ఎదురుగా సింహాచలం, చెయ్యి ఇంకా గడియ మీదే ఉంది. ఆయన వెనక నేల మీద అత్త.

అంటే ఆ తలుపు కోడలు వేసింది కాదని ఆయనకు తెలుసు.

భర్తతో ఒకసారి చెప్పింది. "చచ్చిపోయిన మనిషి మీద నెట్టకు," అన్నాడు.

మధ్యాహ్నం నడవాలో ఆకులు వేశారు. అందరి చేతులకూ నీళ్లు పోసి మనానా చెంబుతో పక్కన నిలబడింది. దేముడమ్మ అందరికీ వినబడేలా అంది. "ఆ గుర్రాలూ ఏనుగులే నా మరదల్ని తొక్కి సంపేసేయి. పక్కనే ఉండి తలుపు తియ్యలేదు మహాతల్లి."

సింహాచలం తల ఎత్తలేదు. దేవీప్రసాద్ పప్పు కలుపుకుంటున్నాడు.

చెప్తే ఈ ఇంట్లోంచి గెంటేస్తారు. చెప్పకపోతే ఈ ఇంట్లోనే ఉంచేస్తారు. మనానా చెంబు కింద పెట్టింది.

"మావయ్యా," అంది, నూకరత్నం నేర్పిన తెలుగులో. "ఆ రోజు నా గది గడియ బయటినుంచి తీసింది మీరే గదా?"

ఆకుల మీద చేతులు ఆగిపోయాయి.

"గడియేట్రా తమ్ముడూ? ఏటంతంది ఇది?"

అది అబద్ధమని సింహాచలం అనలేదు. అంటాడని అందరూ చూశారు. దేవీప్రసాద్ కలిపిన ముద్ద ఆకులోనే వదిలేశాడు.

"నాన్నా? బయట గడియ ఉందా?"

జవాబు కోసం మనానా ఆగలేదు. స్టూలు లాక్కుని ఎక్కి, అటక మీదనుంచి బోర్డు సంచి దించింది. దుమ్ము నేల మీద రాలింది. ఎవరూ వద్దనలేదు.

సింహాచలం అన్నం సగంలో లేచాడు. కోడలి గది ముందుకు వెళ్లి, గడియ వైపు ఒకసారి చూసి, ముఖం తిప్పుకున్నాడు.

"ఆ రోజు సంగతి నన్నెవలూ అడగొద్దు. సచ్చేదాకా నేను మాటాడను."