నాలుగొందల పదిహేడు ఎంగేజ్‌లో ఉంది

హలోగారికి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఇరవై ఏడేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో బోర్డు ముందు కూర్చుని రోజుకి వెయ్యిసార్లు "హలో, నంబర్ ప్లీజ్" అన్న మనిషిని ఇంకేమని పిలుస్తారు లెండి! ఇప్పటికీ పాలవాడు తలుపు కొడితే లోపల్నుంచి "హలో" అనే వినిపిస్తుందని వీధిలో వేళాకోళం. ఆవిడా నవ్వేస్తారు.

ఊళ్ళో ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడేవారో, ఎవరు ఫోను పెట్టేశాక ఏడ్చేవారో అన్నీ ఆవిడకి తెలుసు. ఒక్క ముక్క బయటికి పొక్కనివ్వలేదు. నోట్లో నువ్వుగింజ నానని మనుషుల మధ్య అలా బతకడం మాటలు కాదు. కానీ ఆ గుట్టులన్నిటిలోకి బరువైనది ఆవిడదే. అది మాత్రం ముప్పై అయిదేళ్ళుగా గుండెల మీద కుంపటిలా ఉండిపోయింది.

"పెద్దమ్మా, ఈసారి నువ్వు రాకపోతే నీతో మాట్లాడను, అంతే" అంది చెల్లెలి కూతురు. ఆ పిల్ల ఊరి లైబ్రరీలో ఉద్యోగం చేస్తుంది. ఏటా అదే తారీకున, 'ఆ రోజు మీరెక్కడున్నారు' అని ఊరివాళ్ళని కూర్చోబెట్టి చెప్పిస్తుంది. ఈ ఏడు రికార్డు కూడా చేస్తోంది.

"నేనేం చూశానే, కిటికీ లేని గదిలో కూర్చున్నదాన్ని?"

"అదే చెప్పు."

అదే చెప్పడం ఎంత కష్టమో ఆ పిల్లకేం తెలుసు, పాపం.

ముప్పై అయిదేళ్ళ కిందట ఒక ఉదయం, తొమ్మిదీ పదహారుకి, ఆరుగురు మనుషులతో అంతరిక్షం నుంచి తిరిగి వస్తున్న నౌక సరిగ్గా ఆ ఊరి నెత్తిమీద ముక్కలైంది. పట్టపగలు, మబ్బు తునక లేని ఆకాశంలో. ఆరుగురిలో ఒక్కరూ మిగల్లేదు. నౌకలో ఇంజనీరుగా వెళ్ళినాయన భార్యా, నాలుగేళ్ళ కూతురూ ఆ ఊళ్ళోనే, ఏటవాలు వీధి చివరి ఇంట్లో ఉండేవారు. వాళ్ళ ఫోను నంబరు నాలుగొందల పదిహేడు.

ఆ ఉదయం తొమ్మిదీ నాలుగుకి బోర్డు మీద ఆ నంబరు బల్బు వెలిగింది.

"హలో, నంబర్ ప్లీజ్."

"నంబరేం వద్దండీ, టైము చెప్పండి చాలు. సెకన్లతో సహా." ఆ రోజుల్లో చేతి గడియారాల మీద నమ్మకం లేనివాళ్ళు ఎక్స్ఛేంజినే అడిగేవారు. "మా ఆయన నౌక తొమ్మిదీ పదహారుకి మన నెత్తిమీద నుంచి పోతుందట. పాపని పెరట్లో నిలబెట్టాలి. మా ఇంటి గడియారాన్ని నమ్ముకుంటే రేపు చూడాల్సిందే!"

"తొమ్మిదీ నాలుగూ ఇరవై సెకన్లమ్మా" అని హలోగారు కూడా నవ్వారు.

తొమ్మిదీ పదహారు వచ్చింది, పోయింది. కిటికీ లేని గదిలో ఏం తెలుస్తుంది? తొమ్మిదీ పద్దెనిమిదికి గోడలు ఒక్కసారి అదిరాయి. కింద వీధిలో లారీ ఏదో గోడకి గుద్దిందనుకున్నారు. ఆ వెంటనే బోర్డు మీద ఒక బల్బు వెలిగింది. తర్వాత పది. తర్వాత, అమ్మో, మొత్తం బోర్డు! ఆరొందల నంబర్లకి ఆరొందల బల్బులు. పెళ్ళిళ్ళకీ చావులకీ, ఊళ్ళో అగ్గి అంటుకున్నప్పుడు కూడా అలా వెలగడం ఆవిడ ఎరగరు. నలుగురు ఆపరేటర్లూ చేతులు ఒళ్ళో పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోయారు. ఎవరికి ఫోను చెయ్యాలో తెలియకుండానే ఊరు ఊరంతా రిసీవర్లు ఎత్తింది. బల్బు కింది రంధ్రంలో తీగ పెట్టి నంబరడిగితే ఒక్కరూ నంబరు చెప్పరు. "చూశారా? మీరు చూశారా?" అంతే. కొందరు అదీ అనలేదు, ఊపిరి మాత్రం వినిపించింది.

తొమ్మిదీ ఇరవైకి పెద్ద ఊరి నుంచి ట్రంకు కాల్. అవతల ఆపరేటరు పిల్ల. ముఖం ఎప్పుడూ చూడకపోయినా ఏళ్ళ తరబడి గొంతు స్నేహం.

"అక్కా, నాలుగొందల పదిహేడు ఇవ్వు. కంట్రోల్ కేంద్రం వాళ్ళు." ఆ తర్వాత గొంతు తగ్గించింది. "నౌక పోయిందక్కా. ఎవరూ లేరు."

హలోగారు తీగ తీశారు. నాలుగొందల పదిహేడు రంధ్రం దాకా తీసుకెళ్ళారు. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

"ఎంగేజ్‌లో ఉంది" అన్నారు.

అంత పచ్చి అబద్ధం ఆ బోర్డు ముందు ఆవిడ ఎప్పుడూ ఆడలేదు. పక్కనున్న ఆపరేటర్లు పొరపాటున కలిపేస్తారేమోనని ఇంకో తీగ తీసి ఆ రంధ్రంలో దోపారు. దాని రెండో కొస ఎక్కడా పెట్టకుండా వదిలేశారు. ఇక ఎవరు చూసినా ఆ లైను ఎవరితోనో మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

ఆ తీగకో చిన్న దీపం ఉంటుంది. అవతలి ఇంట్లో రిసీవరు పెట్టేసి ఉంటే వెలుగుతుంది, ఎత్తితే ఆరుతుంది. తొమ్మిదీ పాతికకి ఆరింది. హలోగారు వినే మీట తెరిచారు.

"చూశామండీ!" ఆయాసపడుతూ నవ్వుతోంది ఇంజనీరు భార్య. "ఒకటి వస్తుందనుకుంటే ఎన్ని వచ్చాయో! ఎవరికైనా చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది, అందుకని మీకే చేశా. మీరు చూశారా?"

"చూశానమ్మా."

"బాగుంది కదూ?"

"చాలా బాగుందమ్మా."

"అన్ని దీపాలేంటో, ఆయన రాగానే అడగాలి" అని పెట్టేసింది.

దీపం మళ్ళీ వెలిగింది. ట్రంకు పిల్ల మరో మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఎంగేజే. తొమ్మిదీ ముప్పై ఒకటికి హలోగారు తన చేత్తోనే కలిపారు. "అమ్మా, మీకు ట్రంకు కాల్" అని చెప్పి, వినకుండా మీట మూసేశారు. అవతల ఫోను పెట్టేస్తే వెలగాల్సిన దీపం సాయంత్రం దాకా వెలగనే లేదు. డ్యూటీ అయిపోయినా ఆవిడ ఆ తీగ పీకకుండా దాని ముందే కూర్చున్నారు.

వారం తిరక్కుండా తల్లీకూతుళ్ళు ఇల్లు ఖాళీ చేసి ఊరు వదిలి వెళ్ళిపోయారు. తను చేసింది మేలో పాపమో అడగడానికి మనిషి లేకుండా పోయింది.

ఇదీ సంగతి. అయినా సరే ఈసారి హలోగారు తల దువ్వుకుని, చెప్పులేసుకుని లైబ్రరీకి బయల్దేరారు. డెబ్బై దాటాక ఎన్నాళ్ళని మొండికేస్తారు?

లైబ్రరీ గదిలో ముప్పైమంది దాకా చేరారు. రికార్డు చేసే ఫోను బల్ల మీద పుస్తకాలకి ఆనించి ఉంది. మంగలాయన అప్పటికే అందుకున్నాడు.

"ఆ టైముకి నేనొకాయనకి గడ్డం గీస్తున్నా. ఒక బుగ్గ అయింది. రెండో బుగ్గకి సబ్బు రాస్తుంటే మార్కెట్ వైపు నుంచి వచ్చాయండీ దీపాలు, కొండ వైపు పోయాయి. ఆ మనిషి లేచి ఒక బుగ్గ నురగతో పరిగెత్తాడు చూడండీ..."

"కొండ వైపు నుంచి మార్కెట్ వైపు పోయాయయ్యా!" అని గది గదంతా అరిచింది. ఏటా ఉన్న తగువే ఇది. ఊరంతా ఒక మాట, మంగలాయన ఒక్కడిదీ ఒక మాట. ఆయన చూసింది అద్దంలో. కుడి ఎడమైందని ఎంతమంది ఎన్నిసార్లు చెప్పినా ఆయన తలకెక్కదు.

"నా కళ్ళతో చూశానండీ, నాకు చెప్తారేంటి!"

రొట్టెల కొట్టాయన పొయ్యిలో రొట్టెలన్నీ బొగ్గైపోవడం గురించి చెప్పాడు. బడిపంతులుగారు పిల్లలందరినీ బల్లల కిందికి దూరమని, తను మాత్రం బయటికి పరిగెత్తానని ఒప్పుకుని అందరినీ నవ్వించారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. అంత పెద్ద ఆకాశం, అంత నెమ్మదిగా పోయిన దీపాలు, అందులో మనుషులున్నారన్న సంగతి. ప్రతిసారీ అక్కడికొచ్చేసరికి అందరి మాటా పడిపోతుంది.

"మీరు చెప్పండి హలోగారూ" అన్నాడు మంగలాయన.

"డ్యూటీలో ఉన్నాను."

"అంతేనా?"

"అంతే."

చూశారా, అంతదూరం నడిచొచ్చి కూడా నోరు మెదపలేకపోయారు. చెల్లెలి కూతురు నుదురు కొట్టుకుంది.

అప్పుడు వెనక వరసలో ఒకావిడ లేచింది. నెరిసిన జుట్టు, చేతిలో ప్రయాణపు సంచి. ఎవరూ గుర్తుపట్టలేదు. "నేను కూడా చెప్పొచ్చా అండీ?" అంది.

హలోగారు ముఖాలు మర్చిపోతారేమో గానీ గొంతులు మర్చిపోరు. ముప్పై అయిదేళ్ళయినా సరే. అది నాలుగొందల పదిహేడు గొంతు.

"ఏటవాలు వీధి చివరిల్లు మాది" అంది ఆవిడ. గదిలో అందరూ ఒక్కసారిగా సర్దుకు కూర్చున్నారు. "మా ఆయన అందులో ఉన్నారు. నేను సానుభూతి కోసం రాలేదు. నాకో అనుమానం ఉంది. కంట్రోల్ కేంద్రం వాళ్ళు తర్వాత కాగితాలు చూపించారు. మా ఇంటికి మొదటి ఫోను తొమ్మిదీ ఇరవైకి చేశారట. నంబరు ఎంగేజ్‌లో ఉందట. నాకు ఫోను వచ్చింది తొమ్మిదీ ముప్పై ఒకటికి. మధ్యలో నేను మాట్లాడింది ఒక్క నిమిషం. మరి ఎంగేజ్ ఎలా అయింది?"

ఆవిడ గదంతా ఒకసారి కలియజూసింది.

"ఆ పదకొండు నిమిషాలూ నేను నవ్వుతూ ఉన్నానండీ. ఊరంతా తెలిసి నోరు నొక్కుకుంటుంటే నేనొక్కదాన్నీ పిచ్చిదాన్లా గంతులేశాను. ఆయన లేకుండా పోయిన పదకొండు నిమిషాలు. ఆ నవ్వు తలచుకుని ఇన్నేళ్ళూ సిగ్గుతో చచ్చిపోయాను. ఎవరు చేశారో, ఎందుకు చేశారో తెలిస్తే చాలు, వెళ్ళిపోతాను."

హలోగారు లేచి నిలబడ్డారు. చెప్పాల్సినవన్నీ గొంతుదాకా వచ్చాయి. నోరు తెరిస్తే, ఖర్మ, బయటికి వచ్చింది ఒక్కటే మాట.

"హలో."

ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆగిపోయారు. వెనకావిడ చేతిలోని సంచి కింద పడింది.

"మీరా?" అంది.

"నేనేనమ్మా. ఆ తీగ పెట్టింది నేనే."

"ఎందుకండీ?"

"టైము అడిగారు కదమ్మా, సెకన్లతో సహా. నేను చెప్పిన టైముకే కదా మీరు పాపని తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. ఆ నోటితోనే ఆ కాల్ ఇవ్వలేకపోయాను. ఒక్క నిమిషం ఆగుదామనుకున్నాను. తర్వాత ఇంకొక్క నిమిషం. ఇంతలో మీరే ఫోనెత్తారు, నవ్వుతూ. ఇక నాకు చెయ్యి రాలేదు. తప్పే. మీ కబురు పట్టుకుని ఆపడానికి నేనెవర్ని?"

"చూశానన్నారు నాతో."

"చూళ్ళేదమ్మా. మా గదికి కిటికీ లేదు. ఊరంతా చూసింది. నేనే చూళ్ళేదు."

ఆవిడ కింద పడిన సంచి తీసుకుని వరసలు దాటుకుంటూ ముందుకొచ్చింది. కొడుతుందేమోనని లైబ్రరీ పిల్ల పెద్దమ్మ పక్కకి జరిగింది.

"మా అమ్మాయికి నలభై దగ్గరికొచ్చింది" అంది ఆవిడ. "ఆ రోజు ఏం గుర్తుందే అంటే ఫోను సంగతి ఎత్తనే ఎత్తదు. 'నాన్న దీపాలు చూశాం, నువ్వు నన్నెత్తుకుని గిరగిరా తిప్పావు' అంటుంది. దానికి వాళ్ళ నాన్న గురించి గుర్తున్నదల్లా అంతే. ఆ ఫోను ముందే వచ్చుంటే..." ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుంది. "నాకు సగం కోపం పోయిందండీ. మిగతా సగం పోదు. అది నాకే ఉండనివ్వండి."

"ఉంచుకోండమ్మా" అన్నారు హలోగారు.

ఆవిడ ఒక కుర్చీ లాక్కుని హలోగారికి ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"కళ్ళు మూసుకోండి" అంది.

"ఎందుకమ్మా?"

"మూసుకోండి, చెప్తాను. ముందు ఒకటే వచ్చింది. తెల్లగా. ఎండలో కూడా కళ్ళు చెదిరేంత తెలుపు. దాని పక్కనుంచి ఇంకోటి విడివడింది. తర్వాత వాటి వెనక ఇంకా, ఇంకా. ఒకదాన్నొకటి తోసుకోవడం లేదు, తొందరేం లేనట్టు వరసగా వెళ్తున్నాయి. ఒక్కోదానికీ వెనక ఇంత పొడుగు తెల్లటి చార. ఎక్కడా చప్పుడు లేదు. పక్కింటి కుళాయి కింద బకెట్లో నీళ్ళు పడుతుంటే అది వినిపిస్తోంది. ఆకాశం నిండా దీపాలు, ఇక్కడేమో కుళాయి నీళ్ళు. నాకు ఒళ్ళు తెలియలేదండీ. అంత అందమైనది నేను మళ్ళీ చూళ్ళేదు. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేకపోయాను."

"ఎటు నుంచి ఎటు వెళ్ళాయమ్మా?" అని అడిగారు హలోగారు కళ్ళు తెరవకుండానే.

"కొండ వైపు నుంచి మార్కెట్ వైపు."

మంగలాయన ఒక్క మాట మాట్లాడలేదు.

"ఉరుము లాంటి చప్పుడు తర్వాతెప్పుడో వచ్చింది. భయపడొద్దని ఆయన ముందే చెప్పి వెళ్ళారు."

"అది మాకూ వినిపించింది. గోడలు అదిరాయి."

"అదేనండీ. 'నాన్న ఎందులో ఉన్నాడు' అంది పాప. 'అన్నిటికంటే ముందున్నదాంట్లో' అన్నాను. అది ఒక్కోదాన్నీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది. దానికి అప్పటికి ఇరవై దాకానే వచ్చు. ఇరవై అయిపోయినా ఇంకా దీపాలున్నాయి. ఏం చేస్తుంది? మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది."

హలోగారు కళ్ళు తెరవలేదు. ముఖం పైకెత్తారు. పెదవులు కదులుతున్నాయి. ఇరవై దాకా వెళ్ళి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు.