ఇంటిబండి పొడవు

మంచం, పొయ్యి అన్నీ లోపలే ఉన్న ఇంటిబండి పొద్దున్నే కదలాలంటే ముందు మురికినీళ్ళ గొట్టం విప్పాలి, కరెంటు తీగ చుట్టాలి, గిన్నెలు దొర్లిపడకుండా అరలకు గడియలు పెట్టాలి. ఇవన్నీ డెల్బర్టే చేస్తాడు, చేస్తున్నట్టు చుట్టుపక్కల బళ్ళవాళ్ళందరికీ వినపడేలా చేస్తాడు. ఆ తర్వాత నోరీన్ వెనక్కి వెళ్ళి అద్దంలో కనిపించేట్టు నిలబడి చెయ్యి ఊపుతుంది. రా, ఇంకా రా, ఆగు. మా ఉత్తరాది రోడ్డు మీద మొగుడు బండి వెనక్కి తీయడం, పెళ్ళాం చెయ్యి చూపడం ఆచారం. ఎవరి కాపురం ఎలాంటిదో సగం అక్కడే తెలిసిపోతుంది.

"ఏంటా ఊపడం, దోమల్ని తోలుతున్నట్టు?" అన్నాడు డెల్బర్ట్ కిటికీలోంచి తల బయటపెట్టి.

"దోమల్నే తోలుతున్నా. అయినా చెట్టుకి కొట్టుకోకుండా ఆపానా లేదా?"

బండెక్కి పక్కసీట్లో కూర్చున్నాక ఆమె రోజూ అడిగేదే అడిగింది. "ఇవాళైనా గెర్టీకి ఫోన్ చేద్దాం. డాలీ తింటోందో లేదో."

"తింటుందిలే. ఇక్కడ సిగ్నల్ ఎక్కడుంది?"

సిగ్నల్ లేని మాట నిజమే. మిగతాది నిజం కాదు. డాలీ వాళ్ళ ముసలి కుక్క. వెనక కాళ్ళు పడిపోయాయి. ఇల్లు అమ్మేసి రోడ్డెక్కే ముందు దాన్ని వాండర్‌హూఫ్ అనే ఊళ్ళో తన బంధువు గెర్టీ పొలంలో వదిలానని భార్యకు చెప్పాడు. నిజానికి నోరీన్ వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళిన రోజు చూసి, పశువుల డాక్టరు దగ్గర సూది వేయించి చంపించేశాడు. రోడ్డెక్కాక చెబుదామనుకున్నాడు. రోడ్డెక్కి నెల దాటింది.

"నాకు దాని గొంతు వినాలనుంది" అంది నోరీన్. డెల్బర్ట్ నోటిదాకా వచ్చిన మాట మింగి గేరు మార్చాడు. ఆమె లేచి వెళ్ళి వెనక మంచం మీద కూర్చుంది. బండి కిర్రుమని ఒక బారెడు పొడుగు సాగింది.

మింగిన మాటకి ఎక్కడో ఒకచోట చోటు కావాలి కదా. అందుకే మా వైపు బళ్ళు నిలిపే విడిదుల్లో పేరు కంటే ముందు బండి పొడవు అడుగుతారు. అందరూ తగ్గించే చెబుతారు.

రోడ్డు పని జరుగుతున్న చోట, ఆగమని రాసిన పలక పట్టుకున్న అమ్మాయి బండి ఆపింది. "పెద్దాయనా, పొద్దున ఎంతుంది?"

"ఇరవై ఎనిమిది అడుగులు."

"ఇప్పుడు యాభై దాటింది. లోపల ఎవరైనా అలిగారా?"

"పడుకుంది."

"అందరి ఆవిడలూ పడుకునే ఉంటారు" అని ఆ అమ్మాయే వెనక్కి నడిచి, పొడుగు బళ్ళకు కట్టే ఎర్రగుడ్డ కట్టి వచ్చింది.

ఎదురొచ్చే ప్రతి బండికీ డెల్బర్ట్ స్టీరింగు మీంచి రెండు వేళ్ళు ఎత్తేవాడు. ఆ బండి చాలాసేపు పక్కనే సాగి సాగి వెనక్కి చేరాక కిటికీలోంచి నోరీన్ చెయ్యెత్తేది. ముక్కూమొహం తెలియనివాళ్ళని ఇద్దరూ పలకరించారు, ఒకర్నొకరు తప్ప.

మధ్యాహ్నం మావిస్ అనే ఆవిడ నడిపే హోటల్ దగ్గర డీజిల్ పోయించి, డెల్బర్ట్ రెండు దాల్చినచెక్క రొట్టెలు కొన్నాడు. భార్యది ఆమె చేతికే ఇద్దామనుకున్నాడు గానీ అంత దూరం నడవడానికి బద్ధకించి మధ్యలో ఉన్న బల్ల మీద పెట్టాడు. "బయల్దేరుతున్నాం" అని కేకేసి కొండెక్కించాడు. ముందు చక్రాలు కనుమ దాటి అవతలికి దిగినా తోక ఇంకా మావిస్ పంపు దగ్గరే ఉంది. మావిస్ దాని చుట్టూ ఊడ్చుకుంటోంది.

నోరీన్ వెనక తలుపు తీసుకుని దిగింది.

"మీ ఆయన కొండ దాటేశాడు" అంది మావిస్.

"దాటనీ. ఫోనుందా?"

"గోడకుంది చూడు. కాఫీ పోస్తాను, తాగుతూ మాట్లాడు."

నోరీన్ గెర్టీకి ఫోన్ కలిపి డాలీ ఎలా ఉందని అడిగింది. గెర్టీ మెల్లగా చెప్పింది. "నోరీన్, డాలీ మా ఇంటికి రాలేదు. సూది వేయించానని డెల్బర్టే ఫోన్ చేశాడు. నీకు తెలుసనుకున్నానమ్మా."

నోరీన్ ఫోను పెట్టేసింది. కుక్క పోయిందని ఏడుపొచ్చింది. కానీ ఆమెను కాల్చేసింది అది కాదు. రోజూ తను అడగడం, రోజూ అతను తింటుందిలే అనడం. చచ్చిన కుక్క చేత నెల పొడుగునా తిండి తినిపించాడు.

ఆమె మళ్ళీ బండెక్కింది. పక్క సర్దింది. తన కప్పు కడిగి బోర్లించింది. కోటు వేసుకుని, మేకుకు వేలాడుతున్న డాలీ మెడపట్టీ తీసుకుంది. దారిలో తెరుచుకోకుండా తలుపు గట్టిగా వేసి దిగిపోయింది.

కనుమ అవతల కొండగొర్రెలు, చలికాలంలో మంచు కరగడానికి రోడ్డు మీద చల్లిన ఉప్పు నాకుతూ అడ్డంగా నిలబడ్డాయి. డెల్బర్ట్ హారన్ కొట్టినా కదల్లేదు. ఇంజను ఆపేశాడు. వెనక్కి తిరిగి చూస్తే మంచం కాదు కదా, బల్ల కూడా కనబడలేదు. చీకటి, చివర ఎక్కడో చుక్కంత వెలుతురు. అతనికి మొదటిసారి భయమేసింది.

"నోరీన్" అన్నాడు, గొర్రెల వైపు చూస్తూ గట్టిగా. "డాలీ గెర్టీ దగ్గర లేదు. సూది వేయించాను. ఆఖరిదాకా నా చెయ్యి నాకుతూనే ఉంది. నువ్వు ఇంటికొచ్చాక నీ మొహం చూసి చెప్పలేకపోయాను. తప్పు చేశాను."

అరల్లో గిన్నెలు గలగలలాడాయి. బండి మూలుగుతూ దగ్గరికి రావడం మొదలుపెట్టింది. బల్ల వచ్చింది, దాని మీద తాకని రొట్టె వచ్చింది, పొయ్యి వచ్చింది. చివరికి మంచం వచ్చి ఎప్పటి చోట ఆగింది. డెల్బర్ట్ కళ్ళు తుడుచుకుని నవ్వాడు.

"విన్నావు కదా?" అని వెనక్కి తిరిగాడు.

సర్దిన పక్క, బోర్లించిన కప్పు, ఉత్త మేకు కనిపించాయి.

వెనక్కి వెళ్ళాలి. ఒక పక్క కొండ, ఇంకో పక్క సరస్సు. బండి తిప్పాలంటే ముందు వెనక్కి తీయాలి. గేరు మార్చి, బ్రేకు తొక్కిపట్టి, నోరీన్ చెయ్యి కనిపించాల్సిన అద్దంలోకి చూశాడు. ఇక అక్కర్లేని ఎర్రగుడ్డ గాలికి కొట్టుకుంటోంది. ఆ సరికే నోరీన్ మావిస్ హోటల్ ముందు దక్షిణానికి పోయే లారీ ఎక్కి కూర్చుంది.

గొర్రెలు ఉప్పు నాకడం అయిపోయి కొండెక్కాయి. ఎదురుగా వచ్చిన డ్రైవరొకడు రెండు వేళ్ళెత్తి పలకరించి వెళ్ళిపోయాడు. డెల్బర్ట్ ఇంకా అద్దంలోకే చూస్తున్నాడు.

"రానా?" అన్నాడు.